చెంగు మూలన పసుపు

ఎవరి సంగతి వాళ్లదిలే అని ఊరుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. సోమందేపల్లెలో ఏ ఇంట్లో ఏ పులుసు కాగుతోందో భారతిని అడిగితే చెబుతుందని వెక్కిరిస్తారు. వెక్కిరించనీ. ఆ ఆరా తీసే గుణమే లేకపోతే సునంద కథ నాకు తెలిసేదీ కాదు, ఇప్పుడు మీకు చెప్పేదాన్నీ కాదు.

హైవే మీద బస్సులు ఆగే చోట నాకు ఒక నెట్ సెంటర్ ఉండేది. అంతకు ముందు అది టైపు ఇన్‌స్టిట్యూట్. టైపు మిషన్లకు కాలం చెల్లిపోయాక వాటిని పాత ఇనుము కింద తూకానికి వేసి, కంప్యూటర్లు పెట్టాను. పరీక్షా ఫలితాల రోజున జనం తోసుకుంటూ వచ్చేవారు. మిగతా రోజులు ఈగలు తోలుకోవడమే. కరెంటు ఉన్నప్పుడు లైను ఉండదు, లైను దొరికేసరికి కరెంటు పోతుంది. అద్దె కూడా గిట్టక పాస్‌పోర్టు ఫొటోలు మొదలుపెట్టాను. అందుకని ఒక డిజిటల్ కెమెరా కొన్నాను.

2006లో, ఎండలు ముదిరిన రోజుల్లో, సునంద వచ్చింది. చంకలో ఏడాది నిండని కొడుకు, కుచ్చెళ్లు పట్టుకుని నాలుగేళ్ల కూతురు. మగ్గాల వీధిలో పట్టుచీరలు నేసే నాగేశ్వర భార్య ఆమె. తొగటవాళ్లు కాబట్టి కులదేవత పేరే కూతురికి పెట్టుకున్నారు, చౌడేశ్వరి అని. పిలవడం మాత్రం చౌడి అనే. ఫొటో కోసం వచ్చారేమో అనుకుని కుర్చీ చూపించాను. సునంద కూర్చోలేదు.

"భారతక్కా, కట్టి విడిచిన చీరలు కొనేవాళ్లు యాడన్నా ఉంటారా?"

"ఉండారు కదమ్మా. పాత జరీ కొంటామని సైకిళ్ల మీద తిరుగుతాండారే."

"వాళ్లు కాల్చేకి కొంటారక్కా. నేనడిగేది కట్టుకునేకి కొనేవాళ్లని."

నాకు నవ్వొచ్చింది. మా దగ్గర పాత పట్టుచీరకు రెండే దారులు. ఒకటి పసిబిడ్డకు ఉయ్యాల. రెండోది ఆ జరీ వాళ్ల నిప్పు. వాళ్లు చీరను కాల్చి, బూడిదలోంచి జరీలోని వెండి తీసుకుంటారు. అంతే తప్ప, పరాయి మనిషి కట్టి విడిచింది ఒంటికి చుట్టుకోవడం అంటే ఎంత లేనివాళ్లకైనా నామోషీ. పైగా డబ్బు పెట్టి కొనుక్కుంటారా?

ఆమె అప్పుడు లేపాక్షి సంగతి చెప్పింది. కొడుకు పుట్టువెంట్రుకలు తీయించడానికి వెళ్లి, పెద్ద నంది దగ్గర నీడలో కూర్చుంటే, బెంగళూరు నుంచి వచ్చిన ఒకామె వెనకనుంచి చెంగు పట్టుకుని చూస్తోందట. సునంద కట్టుకున్నది వాళ్లమ్మ చీర, పాతికేళ్ల కిందటిది. ఇలాంటి అంచు ఇప్పుడు ఎవరూ నేయడం లేదు, ఈ చీర నాకిస్తావా అని ఆమె కన్నడలో అడిగిందట.

"కట్టుకున్న చీరనే అడిగితే ఇంటికి ఎట్ల పోయేదమ్మా అంటి. ఆయమ్మ నగి, ఇంటర్నెట్‌లో పెట్టు, నాలాంటోళ్లు శానామంది ఉండారు అనె. ఇంటర్నెట్ అంటే నీ అంగడే కదక్కా?"

నా అంగడే. ఆ మాటకు నా గుణం నిద్ర లేచింది. కట్టి విడిచిన చీర కోసం వెతుక్కునే మనుషులు నిజంగా ఉన్నారా, ఉంటే ఎందుకు, వాళ్ల బీరువాలకు ఏం కరువొచ్చింది? ఆ మధ్యాహ్నమే వెతికాను. ఉన్నారు. పాత వస్తువులు వేలం వేసే ఒక వెబ్‌సైట్‌లో పాత చీరలకు జనం పోటీలు పడుతున్నారు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, పిల్లవాడు కీబోర్డు మీద రెండు చేతులతో దరువేశాడు.

సునందకు ఇది సరదా కాదు. మరమగ్గాలు వచ్చాక చేతిమగ్గం కూలి పడిపోయింది. హిందూపురం వైపు బట్టలు కుట్టే ఫ్యాక్టరీ వ్యాను తెల్లవారకముందే హైవే మీదకు వచ్చి ఆడవాళ్లను ఎక్కించుకుపోయి, దీపాలు పెట్టాక దింపేది. సునంద కూడా ఎక్కక తప్పదని ఇంట్లో మాట్లాడుకున్నారు. చిన్నోడు ఇంకా పాలు మానలేదు. "నేను పోయేటప్పుడు నిద్రలో ఉంటారు, వచ్చేటప్పటికి నిద్రపోయింటారు. ఇంక నేను వాళ్లకు అమ్మనెట్ల అయితానక్కా" అని నాతో అంది. ఇంటర్నెట్‌లో ఈ చీరల అంగడి నడిస్తే ఆమె పిల్లల దగ్గర ఉంటుంది, మూతపడితే వ్యాను ఎక్కుతుంది. మధ్యలో ఇంకేమీ లేదు.

మొదట తన తల్లి చీరే పెట్టింది. మైసూరులో ఎవరో తీసుకున్నారు. మూట కట్టేటప్పుడు ఏడుస్తుందేమోనని పని మానుకుని చూస్తూ కూర్చున్నాను. ఏడవలేదు. "పెట్టెలో ఉంటే పురుగులు కొడతాయి. ఆడుంటే ఎవురో ఒకరు కట్టుకుంటారు" అంది.

తర్వాత జరీ వాళ్లకు పోటీగా తిరగడం మొదలుపెట్టింది. చంకలో ఒకడు, పక్కన ఒకతె, పెనుకొండ దాకా ఇల్లిల్లూ. వాళ్లు బూడిదకు ఇచ్చేదానికంటే ఈమె చీరకు కాస్త ఎక్కువే ఇచ్చేది. మగ్గం గదిలోకి పొద్దున ఎండ పడే వేళకు చీరను గోడకు పరిచేది, నేను ఫొటో తీసేదాన్ని. ఎంత తరిమినా చిన్నోడు పాక్కుంటూ వచ్చేవాడు. ఆ ఫొటోల్లో సగానికి ఒక మూల వాడి కాలో చేయో కనబడుతుంది.

నాకు ఆ పనిలో బాగా నచ్చింది, ఆమె చీరను చదివే తీరు. ఎడమ నడుం దగ్గర పట్టు అరిగి పలచబడి ఉంటే, "ఈయమ్మ బిడ్డల్ని ఎత్తుకోని ఎత్తుకోని అరగదీసింది" అనేది. మడతల దగ్గర మాత్రమే చిట్లి ఉంటే, "కట్టుకునేకి మనసొప్పక దాచుకున్న చీర ఇది, పాపం" అనేది. నేను అవన్నీ నాకొచ్చిన ఇంగ్లీషులో చీర ఫొటో కింద టైపు చేసేదాన్ని. జనం అవి చదివే కొనేవారని నా నమ్మకం. పరాయివాళ్ల సంగతులు కావాలనుకునేది నేనొక్కదాన్నే కాదని అప్పుడు తెలిసి కొంచెం ధైర్యం వచ్చింది.

ఇంట్లో ఒక్క మనిషికే ఇది గిట్టలేదు. అత్త ఓబమ్మ. భర్త కదిరప్ప పోయి పదేళ్లు దాటింది. బొట్టు లేని నుదురు, బిగించి కట్టిన ముడి, మాట సూదిలా ఉంటుంది. నేను గడపలో కాలు పెడితే చాలు, "వచ్చినావా తల్లీ, ఊరోళ్లు విడిచిన గుడ్డలకు ఫొటోలు తీసేకి" అనేది. చీరల మూట పక్కన పిల్లల్ని పడుకోనిచ్చేది కాదు. "ఎవురు కట్టినారో, ఎట్ల పోయినారో. అవన్నీ ఈ ఇంట్లోకే రావాలనా" అని సణిగేది. అయినా పిల్లల్ని చూసుకునేది ఆమే. సునంద ఊళ్లు తిరిగినన్నాళ్లూ వాళ్లకు సంగటి తినిపించింది, ముక్కు తుడిచింది ఆమే.

రెండేళ్లు బాగానే నడిచింది. చౌడిని బడిలో వేశారు. చిన్నోడు పాకడం మాని పరుగులు మొదలుపెట్టాడు. నాగేశ్వర కూడా పెళ్లాం అంగడి గురించి నలుగురిలో చెప్పుకునేంత అయ్యాడు. అప్పుడు ఢిల్లీ నుంచి ఒక ఫిర్యాదు వచ్చింది.

చీర చెంగు మూలన పచ్చటి మరక ఉంది, మరకలు లేవని రాసి మోసం చేశారు అని. నేను చదివి చెబితే సునంద ముఖం మాడిపోయింది. "ప్రతి చీరా ఎండలో పరిచి, ఇంచించీ చూసి కదక్కా మడత పెట్టేది. యాడిది మరక?" అంది. ఏదో పొరపాటు అనుకుని ఢిల్లీ ఆమెకు డబ్బు వెనక్కి పంపాం.

నెల తిరక్కుండా లండన్ నుంచి ఇంకొకటి. ఈసారి ఫొటో కూడా పంపారు. అదే చెంగు, అదే మూల, అదే పసుప్పచ్చ. కింద వెబ్‌సైట్ వాళ్ల హెచ్చరిక ఉంది. ఇంకొక్క ఫిర్యాదు వస్తే అంగడి తీసేస్తాం అని. ఆ ముక్క తెలుగులో చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెప్పాక సునంద బయటికెళ్లి మెట్టు మీద కూర్చుంది. దీపాలు పెట్టే వేళ దాటింది, ఆడవాళ్లను దింపేసి హైవే మీద ఫ్యాక్టరీ వ్యాను పోతోంది. అది కనుమరుగయ్యే దాకా చూస్తూనే ఉంది.

నాకు మాత్రం ఆ రోజు నుంచి అన్నం సయించలేదు. మన ఇంట్లో లేని మరక దారిలో ఎలా పుడుతుంది? ముందు పోస్టాఫీసు రామప్ప మీద అనుమానం వచ్చింది. మధ్యాహ్నం పార్సిళ్ల పక్కనే పులిహోర డబ్బా తెరుస్తాడు. స్టాంపులు కావాలని వెళ్లి అతని వేళ్లకేసి చూస్తూ నిలబడ్డాను.

"ఏం భారతమ్మా, స్టాంపులకు వచ్చినావా, నా చేయి చూసి జాతకం చెప్పేకి వచ్చినావా?" అన్నాడు రామప్ప.

పైగా పార్సిల్ మీద కుట్లు ఎక్కడా తెగలేదని కొన్నవాళ్లే రాశారు. కాబట్టి రామప్పను వదిలేశాను. వచ్చి లండన్ ఫొటోను కంప్యూటర్లో పెద్దది చేసి చూశాను. ఇంకొంచెం పెద్దది చేశాను. మరకలో సన్నటి గీతలు కనిపించాయి, గుండ్రంగా, ఒకదాని లోపల ఒకటి. బొటనవేలి ముద్ర. అదీ ఇంతంటే ఇంత, చింతగింజ పాటి.

సునందను పిలిచి చూపించాను. ఆమె తెర మీదికి వంగి చూసి, గబగబా ఇంటికి పోయింది. వెంటనే నేను కూడా తలుపు వేసి వెళ్లాను. అప్పటికే సునంద చౌడి చేయి పట్టుకుని గోరు సందుల్లో పసుపు చూపిస్తూ అడుగుతోంది. "నువ్వే కదా పెట్టింది? ఏంటికి పెట్టినావే? చెప్పు." పిల్ల నోరు విప్పలేదు. వీపు మీద ఒకటి పడింది. ఏడ్చింది గానీ చెప్పలేదు. ఓబమ్మ చేటలోని వేరుశనక్కాయల మీదినుంచి తల ఎత్తకుండా, "పసిబిడ్డను కొట్టొద్దు" అని మాత్రం అంది. ఆమె చేతులు ఆగిపోవడం నేను చూశాను.

తిరిగొస్తూ ఆలోచించాను. పిల్లలు పసుపుతో ఆడితే గోడలు, గౌన్లు, పిల్లి తోక, అన్నీ పచ్చగా అవుతాయి. ఇక్కడ ప్రతిసారీ అదే మూల, ఒకే ఒక్క ముద్ర, తర్వాత చీర మళ్లీ అదే మడతలో. ఆరేళ్ల పిల్లకు అంత ఒద్దిక ఎక్కడిది? ఎవరో చేయిపట్టి పెట్టిస్తున్నారు. ఎవరికోసమో పిల్ల నోరు కట్టుకుంది.

మరుసటి రోజు ఆదివారం, బడి లేదు. నాగేశ్వర నేసిన చీర షావుకారుకు అప్పజెప్పడానికి ధర్మవరం పోయాడు. నేను చెప్పినట్టే సునంద ఒక చీరను మడతపెట్టి మగ్గం పక్కన పీట మీద ఉంచింది. పార్సిల్ గుడ్డ తీసుకొస్తానని అత్తకు వినబడేలా చెప్పి, చిన్నోడిని ఎత్తుకుని బయటికి వచ్చింది. ఇద్దరం వెనక సందులోంచి తిరిగొచ్చి మగ్గం గది కిటికీ పక్కన నిలబడ్డాం. చిన్నోడి నోట్లో బెల్లం ముక్క పెట్టాను.

ఓబమ్మ ఆలస్యం చేయలేదు. కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చింది. చౌడమ్మ పటం ముందు ఉన్న పసుపు భరిణె తీసి, పళ్లెంలో కొంచెం నీళ్లతో కలిపి, పిల్లను పిలిచి పీట పక్కన కూర్చోబెట్టింది. చీర మడత విప్పి చెంగు మూల బయటికి లాగింది. తర్వాత పిల్ల మణికట్టు పట్టుకుంది. తన వేలు పసుపుకు తగలకుండా, పిల్ల బొటనవేలిని మాత్రం పళ్లెంలో ముంచింది.

"ఏమనాల?" అంది.

"చల్లగుండు తల్లీ" అంది చౌడి.

"ఇంకా?"

"నీ ఇల్లు చల్లగుండాల. నీ బిడ్డలు చల్లగుండాల."

పిల్ల ముద్ర వేసింది. ముసలామె వంగి ఆ మూలను నోటితో ఊదుతూ ఆరబెట్టింది. మడత మీద మడత అదే తీరుగా పెట్టి, "మీయమ్మకు చెప్పొద్దు" అంది. "నిన్న కొట్టినా చెప్పల్యా కదవ్వా" అంది పిల్ల. ఇంతలో బెల్లం అయిపోయిన చిన్నోడు కిటికీ లోపలికి చేయి పెట్టి, "అవ్వా, నాకూ" అని అరిచాడు.

సునంద లోపలికి ఎలా వెళ్లిందో నాకు తెలియదు. నేను వెళ్లేసరికి అరుస్తోంది.

"నా అంగడి మూయించేకి చేస్తాండావా అత్తా? నేను ఆ వ్యాను ఎక్కితే నీ కండ్లు చల్లబడతాయా?"

"మూయించేకి కాదు, నిలబెట్టేకి" అంది ఓబమ్మ. ఆమె గొంతు ఎప్పట్లా సూదిలా లేదు. "విడిచిన గుడ్డ వట్టిగా ఇంటి గడప దాటకూడదు. పసుపు పెడితే పాతదైనా కొత్తదే. పెట్టకపోతే కట్టుకున్నామెకు మంచిది కాదు, అమ్మినోళ్లకూ మంచిది కాదు. నువ్వు పెట్టవు. అందుకని పెట్టించినా."

నిజమే, మనం కొత్త చీర కట్టబోయే ముందు మూలన పసుపు పెడతాం. ఎందుకు పెడతామో నేను ఎన్నడూ ఆలోచించలేదు. సునందా ఆలోచించలేదు. పాతవాటికి ఎవరు పెడతారు?

"మరి దాపరికం ఏంటికమ్మా? నువ్వే పెట్టొచ్చు కదా, పిల్ల చేత ఏంటికి?" అన్నాను. నా నోరు ఊరుకోదు.

ఓబమ్మ నావైపు చూసింది. "మొగుడు పోయినదాని చేతి పసుపు ఎవురికి కావాల భారతీ? పసిబిడ్డ చేయి అయితే దోషం ఉండదు" అంది.

నాకు తల ఎత్తడం కష్టమైంది. ఆమె నేల మీద చతికిలబడి, పళ్లెం పక్కకు జరిపి, ఎవరూ అడగకుండానే చెప్పింది.

"నేను ఈ ఇంటికి రెండో పెండ్లానిగా వచ్చినా. మొదటామె కాన్పులో పోయె. మా నాయన చేతిలో ఏమీ ల్యా. ఈళ్ల మగ్గం మీద పట్టుచీర ఉండె గానీ అది షావుకారిది. పెండ్లి నాడు పెట్టె తెరిచి, పోయినామె చీర తీసి నాకు కట్టబెట్టినారు. మెడలో పోయినామె పేర కట్టిన సవతి బిళ్ళ, ఒంటిమీద సవతి చీర. పసుపన్నా పెట్టత్తా అంటి. పాతదానికి పసుపేంటికి అనె మా అత్త. తొలి కాన్పులో నా బిడ్డ నిలవల్యా. సవతి చీర కట్టింది, అందుకే అని ఊరంతా అనె. ఔనో కాదో నాకేం తెలుసు. ఆ పొద్దు ఎవురన్నా ఒకరు చిటికెడు పసుపు పెట్టింటే, ఆ మాట నా చెవిన పడేది కాదు కదా. ఎవురో యాడనో ఉండే ఆడబిడ్డ, మనింటి చీర కట్టుకోని అట్లాంటి మాట పడకూడదని."

చౌడి వెళ్లి అవ్వ ఒళ్లో కూర్చుంది. నాకు ఏడుపు ఆగలేదు, దాచుకోనూ లేదు. సునంద అడిగింది.

"ఎన్ని చీరలకు పెట్టినావత్తా?"

"అన్నిటికీ. మీయమ్మ చీర నుంచి."

అన్నిటికీ. అంటే రెండేళ్లుగా ఊరూరికీ పోయిన ప్రతి చీరకూ ఈ బొటనవేలు అంటింది. ఇద్దరే కదా ఫిర్యాదు చేసింది, మిగతా వాళ్లంతా ఏమనుకున్నారు? చూసి ఊరుకున్నారా, చూడనే లేదా? ఆ క్షణాన కూడా నాకు అదే పురుగు తొలిచింది. సునందకు వేరే సంగతి గుర్తొచ్చింది. శుక్రవారం కోల్‌కతాకు ఒక చీర పంపింది. దానికీ ముద్ర ఉంది. కొన్నామె ఫిర్యాదు చేస్తే అది మూడోది.

"పసుపును మరక అన్నారా వాళ్లు?" అంది ఓబమ్మ, అప్పుడు అర్థమై. పళ్లెం ఎత్తి పటం ముందు పెట్టేసింది. "సరే, ఇంక పెట్టించను. నీ బిడ్డల్ని విడిచిపెట్టి నువ్వు వ్యాను ఎక్కే పాపం నాకేంటికి."

ఆ సాయంత్రం నేనూ సునందా కూర్చుని కోల్‌కతా ఆమెకు ఉత్తరం కొట్టాం. ఏం రాయాలో ఇద్దరికీ తోచలేదు. తప్పయిందని రాద్దామన్నాను. సునంద వద్దంది. "తప్పని రాయొద్దక్కా. జరిగింది జరిగినట్టు రాయి" అంది. అలాగే రాశాను. చీర చెంగు మూలన మా పాప బొటనవేలి ముద్ర ఉంటుంది, పసుపుతో పెట్టింది, మా దగ్గర చీరను ఇంకొకరి చేతిలో పెట్టే పద్ధతి అది, నీ ఇల్లు చల్లగుండాలని అనుకుంటూ పెట్టింది. వద్దనుకుంటే చీర వెనక్కి పంపండి, డబ్బు ఇస్తాం. అంతే రాశాను. లండన్‌కూ, ఢిల్లీకీ కూడా ఇదే పంపాను.

తర్వాత రోజుల్లో సునంద నా దగ్గరకు వచ్చి అడగడం మానేసింది. గుమ్మంలోంచి నా ముఖం చూసి వెళ్లిపోయేది. ఫ్యాక్టరీలో చేరే కాగితం మీద సంతకం చేసి కూడా ఉంచుకుంది. నేను కరెంటు రాగానే మొదట ఆ ఉత్తరాలే తెరిచేదాన్ని. ఢిల్లీ ఆమె ఎన్నటికీ జవాబివ్వలేదు. లండన్ ఆమె, ఇది తెలిసుంటే అంత కోపంగా రాసేదాన్ని కాదని రెండు ముక్కలు రాసింది, ఫిర్యాదు మాత్రం తీసేయలేదు. మనుషులు రకరకాలు.

కోల్‌కతా జవాబు ఒక మధ్యాహ్నం వచ్చింది. నేను దాన్ని ప్రింటు తీసుకుని, అంగడి తెరిచి వదిలేసి మగ్గాల వీధికి పరుగెత్తాను. ఓబమ్మ, సునంద ఇద్దరూ కండెలు చుడుతున్నారు. నిలబడే చదివి తెలుగులో చెప్పాను. చీర అందింది. మా అమ్మ కూడా పెళ్లిళ్లలో పసుపు రాసేది, ఆమె పోయి మూడేళ్లయింది. ఆ మూల మాత్రం తడపకుండా ఉతుకుతున్నాను. ఒక్కటి అడగాలని ఉంది, ఆ వేలు అంత చిన్నది, పాపకు ఎన్నేళ్లు?

సునంద కండె కింద పెట్టి రెండు చేతుల్తో ముఖం మూసుకుంది. ఓబమ్మ ఒకటే అడిగింది. "ఆయమ్మకు బిడ్డలుండారా?"

"అది రాయల్యా అత్తా."

"అడగమను భారతిని. ఆమెకు అడిగే పనే కదా."

అంగడి నిలబడింది. ఆనాటి నుంచి ప్రతి చీర ఫొటో కింద నేను ఒక ప్రశ్న చేర్చాను, పసుపుతో పంపాలా, పసుపు లేకుండా పంపాలా అని. వద్దనేవాళ్లు వద్దంటారు. కావాలనేవాళ్లే ఎక్కువ. పాత కొనుగోలుదార్లకు కూడా రాసి అడిగాను, మీ చీరకు ముద్ర ఉందా, అప్పుడేమనుకున్నారు అని. మైసూరు ఆమె, ఉంది కదా, మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారనుకున్నాను అని రాసింది. అది చదివాక నాకు ఆ పురుగు తొలచడం ఆగింది.

ఆ శ్రావణంలో ఫొటోలు తీయడానికి వెళ్తే, ఓబమ్మ తన పెట్టెలోంచి ఒక చీర తెచ్చి పీట మీద పెట్టింది. వంగపండు రంగు, ఎర్ర అంచు. ఎడమ నడుం దగ్గర అరగలేదు. మడతల దగ్గరే చిట్లి ఉంది. సునంద ఆ చిట్లిన చోట వేలితో తడిమింది. అది ఏ చీరో నాకూ తెలిసింది.

"దీన్ని కూడా పంపు. ఆ కాల్చేవాళ్లకు ఇయ్యబుద్ధి కాల్యా ఇన్నేండ్లూ. నాకు కట్టుకోబుద్ధీ కాల్యా. పసుపు పెట్టించుకోని పోతే యాడనో ఒకచోట కొత్తగా బతుకుతాది" అంది ఓబమ్మ.

ఫొటో తీశాను. చౌడి ఎవరూ చెప్పకుండానే పళ్లెం తెచ్చుకుంది, వేలు ముంచి మూలన ముద్ర వేసింది, తన మంత్రం తాను చదివింది. బాగా ఊదింది. తర్వాత తల ఎత్తి అడిగింది.

"ఇది ఎవురిది అవ్వా?"

"నా పెండ్లి చీర."

"మరి యాడికో పంపేదేంటికి? పసుపు పెట్టినా కదా, కట్టుకో."

పిల్ల లేచి మడత విప్పి, చెంగు తీసి అవ్వ భుజం మీద వేసింది. ఓబమ్మ దాన్ని తీసేయడానికి చేయి ఎత్తింది. "నాకేంటికే పసుపు" అంది. సునంద మగ్గం దగ్గరి నుంచి వచ్చి, ఆ ఎత్తిన చేయి పట్టుకుని కిందికి దించింది. "ఉండనీ అత్తా" అంది. తనే కూర్చుని కుచ్చెళ్లు సర్దడం మొదలుపెట్టింది.

ఆ చీరను నేను అంగడికి ఎక్కించలేదు. ఓబమ్మ ఆ రోజు వంట అయ్యే దాకా దాన్ని విప్పలేదు. వెళ్లొస్తానని చెప్పడానికి లోపలికి తొంగి చూస్తే, పొయ్యి ముందు కూర్చుని చెంగు మూల చేతిలో పట్టుకుని చూసుకుంటోంది. ముద్ర ఇంకా పూర్తిగా ఆరలేదు.

"పెండ్లయి నలభై ఏండ్లాయె భారతీ" అంది. "ఈ పొద్దు నాదాయె ఈ చీర."